లోపలే ఉండిపోయిన బొమ్మ

ఫిబ్రవరి 3

పిన్ని పని మానేసింది.

అమ్మ ఫోన్లో చెబితే నమ్మలేదు. పిన్నికే ఫోన్ చేశాను. "అవునే, మానేశాను. నువ్వు తిన్నావా?" అంది, రెండూ ఒకే బరువున్న కబుర్లయినట్టు. నేను పుట్టకముందు నుంచీ స్కాన్లు చదువుతున్న మనిషి. ఆసుపత్రిలో పెద్ద పెద్ద డాక్టర్లకి కూడా ఏదైనా అంతుపట్టకపోతే "ఆవిడకి చూపించారా?" అంటారు. బాబాయి మెట్ల మీద జారి పక్కటెముక విరగ్గొట్టుకుని కేకలు పెడుతుంటే "ఊపిరి బిగబట్టు, ఎక్స్‌రే కదిలిపోతుంది" అన్న మనిషి. అలాంటామె ఆసుపత్రికి రెండు వాక్యాల మెయిల్ రాసి పడేసి ఊరుకుందట.

ఎందుకు పిన్నీ అంటే "కళ్ళు అలిసిపోయాయి" అంది. అలసట అన్న మాట ఆవిడ నోట వినడం ఇదే మొదటిసారి.

ఆఫీసులో ఆ పాత ఫిర్యాదు మళ్ళీ వచ్చింది. పాజ్ చేసిన డౌన్‌లోడ్లు కొన్ని తిరిగి కదలడం లేదట. ఏ ఆసుపత్రో, ఏ డాక్టరో ఆ వివరం నా దాకా రాదు. సర్దుబాటు దాన్ని నా నెత్తిన పెట్టాడు. మా టీం పెద్దకి ఆ పేరు మేము ఊరికే పెట్టలేదు. కప్పు కూలి నెత్తిన పడినా "సర్దుకుందాం" అంటాడు. డాక్టర్లు ఇంట్లో కూర్చుని స్కాన్లు చదువుకోవడానికి మా కంపెనీ చేసిన ఈ వ్యూయర్‌లో తెర మీద కనిపించేదంతా వేరేవాళ్ళది. ఆసుపత్రి నుంచి బొమ్మల్ని మోసుకొచ్చే లోపలి ప్రోగ్రాం ముక్క, లైబ్రరీ అంటాం, అదొక్కటే నాది. అందుకని ఎక్కడ ఏది ఆగినా ముందు నా పీకే పట్టుకుంటారు.

అది వాళ్ళ నెట్ సంగతే అయి ఉంటుంది. ఎప్పుడూ అదే.

ఫిబ్రవరి 5

పిన్ని ఇంటికి వెళ్ళాను. అసలు సంగతి బాబాయి వంటింట్లోకి లాక్కెళ్ళి చెప్పాడు.

పోయిన ఏడాది ఒక బస్సు డ్రైవరు దగ్గు తగ్గక స్కాన్ తీయించుకున్నాడు. పిన్ని చదివి, ఏమీ లేదని రాసిచ్చింది. ఇప్పుడు మనిషి సగమయ్యి మళ్ళీ వచ్చాడు. ఊపిరితిత్తి అడుగున గడ్డ. ఆసుపత్రివాళ్ళు తమ కంప్యూటర్లో పాత స్కాన్ తీసి చూస్తే అది అప్పుడే ఉంది. శనగగింజంత. అప్పుడే తెలిసి ఉంటే కోసి తీసేసేవాళ్ళు. ఇప్పుడు కోయడానికి లేదు, మందులతో నెట్టుకురావడమే.

పిన్నిని పిలిపించి చూపించారట. ఆవిడ చూసి "ఇది నాకు కనపడలేదా?" అని ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడిగిందట.

నేను హాల్లోకి వచ్చేసరికి పిన్ని నా మొహం చూసి "చెప్పేశాడా మీ బాబాయి?" అంది.

"ఎవరికైనా జరుగుతుంది పిన్నీ."

"ఎవరికైనా జరిగేది కాదే అది. మొదటి ఏడాది చదువుకునే పిల్లలు కూడా పట్టేస్తారు. నా మొహం మీదకొచ్చి నించుంది, నేను చూడలేదు."

ఆవిడ ఆ డ్రైవరు ఇంటికి వెళ్ళిందట, ఒంటరిగా. గుమ్మంలోనే నిలబడి, పొరపాటు నాదేనని చెప్పిందట. ఆయన కోప్పడలేదు. "బస్సు నడిపేవాణ్ణమ్మా, నాకు తెలీదా. ఎంత చూసినా ఒక్కోసారి అద్దంలో పడదు. పోనీండి" అన్నాడట. కుర్చీ వేసి మంచినీళ్ళు కూడా ఇచ్చాడట.

"తిట్టుంటే బాగుండేదే" అంది పిన్ని. "ఆ మంచినీళ్ళు ఇప్పటికీ దిగలేదు నాకు."

ఇంటికొచ్చాక కూడా నాకు ఆ మాటే వినపడుతోంది.

ఫిబ్రవరి 6

వాళ్ళ నెట్‌దే తప్పు. రాసి పంపేశాను.

ఫిబ్రవరి 9

ఫిర్యాదు చేసినవాళ్ళు తిప్పి పంపారు. నెట్ బాగానే ఉందట, పరీక్షలు కూడా జత చేశారు. ఇంత వివరంగా తిట్టేవాళ్ళంటే నాకు గౌరవం.

సరే, కూర్చున్నాను. డాక్టరు ఒక చోట ఆగి తేరిపార చూస్తున్నప్పుడు వ్యూయర్ కడుపు నిండిపోతుంది. లైబ్రరీతో "ఆగు" అంటుంది. అదే పాజ్. డాక్టరు ముందుకు కదిలాక "ఇక కానివ్వు" అంటుంది. ఆ రెండో మాట చెప్పాక కదలడం లేదన్నది ఫిర్యాదు. నా కంప్యూటర్లో వందసార్లు ఆపాను, వందసార్లు కదిలించాను. లోపల ఏం జరుగుతోందో తెలియడానికి లాగ్ రాయించాను. ప్రతిసారీ బంగారంలా కదిలింది. మేష్టారు చూస్తున్నంతసేపూ పుస్తకం మీద నుంచి కళ్ళెత్తని పిల్లాడిలా ఉంది.

సర్దుబాటు వచ్చి "దొరికిందా?" అన్నాడు. "ఉంటేగా దొరకడానికి" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఫిబ్రవరి 11

బాబాయి ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడాడు. పిన్ని ఆరు నెలల్లో మూడు కళ్ళజోళ్ళు మార్చిందట, ఎవరికీ చెప్పకుండా. కళ్ళ డాక్టరేమో "చూపులో తేడా లేదమ్మా" అని పంపించేశాడట. "ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా కళ్ళజోడే తగులుతోందే. దుకాణం పెట్టుకోవచ్చు" అని నవ్వబోయి, ఆగిపోయాడు.

నిన్న ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళిందట. కళ్ళకి కాదు, మతికి.

అమ్మమ్మ సంగతి మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోం. అరవయ్యేళ్ళకి ముందు వస్తువుల పేర్లు పోయాయి, తర్వాత మా పేర్లు పోయాయి. చివరి రోజుల్లో పిన్నినే "ఎవరమ్మాయివమ్మా నువ్వు?" అని మర్యాదగా అడిగేది. పిన్నికి వచ్చే ఏడు అరవై.

ఆ డాక్టరు వంద నుంచి ఏడు తీసేస్తూ వెనక్కి లెక్క చెప్పమన్నాడట, గడియారం బొమ్మ గీయమన్నాడట. అన్నీ సరిగ్గా చేసిందట. "మంచిగా ఉన్నారు" అంటే, "మా అమ్మ కూడా మొదట్లో మంచిగానే చేసింది" అని వచ్చేసిందట.

"ఒకసారి మసకగా కనపడుతుందటే. మర్నాడు అదే స్కాన్ తెరిస్తే అద్దంలా ఉంటుందట. అది కళ్ళ జబ్బు కాదు, బుర్రలో జబ్బు అని తేల్చేసుకుంది" అన్నాడు బాబాయి.

నేను ఏదో ఓదార్పు మాట చెప్పి పెట్టేశాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు.

ఫిబ్రవరి 12

దొరికింది!

లాగ్ విసుగొచ్చి తీసేశాను. తీసేయగానే ఆగిపోయింది. పావుగంట చూశాను. తప్పు జరిగినట్టు ఒక్క ముక్క రాయదు, తెగిపోదు, ఫిర్యాదు చేయదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. లాగ్ పెడితే కదులుతుంది, తీసేస్తే ఆగుతుంది. అంటే ఇన్నాళ్ళూ నేను చూడటమే దాన్ని కదిలిస్తోంది. దిమ్మతిరిగింది నాకు. ఇలాంటివి వినడమే కానీ చూడలేదు.

ఎందుకు ఆగుతోందో ఇంకా తెలీదు. ప్రతిసారీ చివరి ముక్క మాత్రం రాదు. పరీక్షకి వాడేవి ఉత్త ఫైళ్ళు. చివర నాలుగు అక్షరాలు తక్కువ. ఎవరి ప్రాణం మీదకీ వచ్చేది కాదు. తాపీగా చూడొచ్చు.

ఫిబ్రవరి 13

తాపీగా చూడొచ్చని నిన్న రాశాను. అలాగే ఇవాళ దాని జోలికి పోలేదు.

ఫిబ్రవరి 15

ఏం రాయాలో తెలీడం లేదు. వరసగా రాస్తాను.

పిన్ని పనిచేసే కంప్యూటరు ఆసుపత్రిది. తిరిగి ఇచ్చేయాలి, విప్పి పెట్టెలో సర్దిపెట్టవే అంటే పొద్దున వెళ్ళాను. ఆవిడ చదువుకునే గది నాకు చిన్నప్పటి నుంచి భయం. కిటికీకి నల్ల తెర, గోడలు బూడిద రంగు, మధ్యలో ఆ పెద్ద తెర ఒక్కటే వెలుగు. తెర మీద మా వ్యూయర్‌లో ఒక స్కాన్ తెరిచే ఉంది.

"ఆఖరిసారి చూడు నా అవస్థ" అంది పిన్ని. "పోయిన నెల నేను బాగుందని రాసిచ్చినది ఇది. సరిచూసుకుందామని పొద్దున తీశాను. అడుగు భాగమంతా నాకు మంచు పట్టినట్టుంది. నీకు అద్దంలా ఉంటుంది, నాకు తెలుసులే."

నేను వంగి చూశాను.

"పిన్నీ, నాక్కూడా మసకగానే ఉంది."

"నా కోసం అబద్ధాలాడకు."

"ఒట్టు పిన్నీ. పైన బాగుంది, కిందికొచ్చేసరికి అలికేసినట్టుంది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత "ఏమండీ, ఇలా రండి" అని బాబాయిని పిలిచింది. బాబాయి కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, తెరకి ముక్కు ఆనించి చూసి, "ఇవి ఎప్పుడూ ఇలాగే ఉంటాయనుకున్నానే నేను" అన్నాడు.

ఇన్ని నెలలుగా ఒక్కరంటే ఒక్కరం ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని ఆ తెర చూడలేదు. ఆవిడ సిగ్గుపడి చూపించలేదు. డాక్టరు పని మనకేం తెలుస్తుందని మేము అడగలేదు.

"తెరకి వచ్చే వైరు వదులై ఉంటుంది" అని బాబాయి టేబుల్ కింద దూరాడు. "ఇదేనా?" అని ఒకటి లాగాడు. అది నెట్ వైరు.

అప్పుడు బొమ్మ తేరుకుంది.

మంచు తుడిచినట్టు పైనుంచి కిందికి స్పష్టమైంది. సన్నని గీతలు, చుక్కలు, నరాల కొసలు, అన్నీ వచ్చేశాయి. నెట్ లేదు. వైరు బాబాయి చేతిలో ఉంది. ఆసుపత్రికీ ఈ గదికీ సంబంధం తెగిపోయింది. తెగిపోయాక బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది?

"బాబాయ్, అలాగే ఉండు, కదలకు" అన్నాను. అది వైరు గురించి. కానీ పిన్ని కూడా అదే మాట అంది, నా చెయ్యి గట్టిగా పట్టుకుని. ఆవిడ వేలు తెర మీద ఉంది.

"ఇక్కడ."

నాకేం కనపడలేదు. వేలు పెట్టి చూపించినా కనపడలేదు. బొమ్మ తేరుకుని రెప్పపాటు కూడా కాలేదు, ఆవిడ పట్టేసింది.

"దీన్ని బాగుందని రాసిచ్చానే" అంది.

వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆ మనిషిని రేపే పిలిపించమంది. గొంతులో వణుకు లేదు, పాత పిన్ని గొంతే. ఫోన్ పెట్టేశాక మాత్రం మంచం మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"నా కళ్ళు బాగున్నాయి కదే" అంది. నేను ఏడ్చేశాను.

ఫిబ్రవరి 16

తెలిసింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

నా లైబ్రరీ ఊరికే కాపలా కాయదు, నిద్రపోతుంది. బయట తలుపు చప్పుడైతే లేచి, వచ్చినదాన్ని లోపలికి అందించి, మళ్ళీ పడుకుంటుంది. అదే దాని గొప్ప. అందుకే తేలిగ్గా నడుస్తుందని మురిసిపోయేదాన్ని. వ్యూయర్ "ఆగు" అన్న సమయానికి చివరి ముక్క అప్పటికే గడప దాటి లోపలికి వచ్చేసి ఉంటే? "ఇక కానివ్వు" అన్నాక నా లైబ్రరీ మళ్ళీ తలుపు చప్పుడు కోసమే చెవులు రిక్కిస్తుంది. రావలసినవాళ్ళంతా వచ్చి హాల్లో కూర్చుని ఉంటే తలుపు ఎవరు తడతారు?

లాగ్ రాయిస్తున్నప్పుడు ఆ వంకన సెకనుకోసారి లేచేది. లేచినప్పుడల్లా హాల్లోవాళ్ళు కనపడేవాళ్ళు. నిన్న వైరు ఊడేసరికి ఉలిక్కిపడి లేచింది. అంతే.

చివరి ముక్కే ఎందుకు అంటే, ఇంకా రావలసింది ఉంటే తలుపు చప్పుడవుతుంది కాబట్టి. బొమ్మలు ముందు ముతకగా వస్తాయి, తర్వాత సన్ననివి నింపుకుంటూ వస్తాయి. ఛాతీ స్కాన్లో చివరగా వచ్చేది ఊపిరితిత్తి అడుగు. శనగగింజలన్నీ ఉండేది ఆ సన్ననివాటిలోనే. నాలుగు అక్షరాలన్నాను నేను. ఎవరి ప్రాణం మీదకీ రాదన్నాను. నాలుగు రోజుల కిందట నా చేత్తోనే రాశాను, పైన ఉంది.

మధ్యాహ్నానికి బాగు చేశాను. లాగ్ తీసేసి వెయ్యిసార్లు ఆపి కదిలించాను. ఒక్కసారీ ఆగలేదు. సంతోషం మాత్రం కలగలేదు.

ఫిబ్రవరి 17

సర్దుబాటుతో గదిలో. మొత్తం చెప్పాను. ఆయన మొహంలో రంగు పోయింది. నీళ్ళ సీసా మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"బాగైంది కదా?"

"బాగైంది."

"అయితే రేపే అందరికీ పంపించేద్దాం. కొత్త వెర్షన్ అని. కింద 'చిన్న చిన్న మెరుగులు' అని రాద్దాం."

"ఇంతకుముందు చదివినవో?"

"ఎన్ని ఆగాయో మనకేం తెలుస్తుంది?"

తెలుస్తుంది. ఏ డౌన్‌లోడ్ పాజ్‌లోనే ఉండగా డాక్టరు మూసేశాడో సర్వర్ దగ్గర గుర్తు ఉంటుంది. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"చూడమ్మా" అన్నాడు. నన్ను అమ్మా అనడం ఎప్పుడూ లేదు. "ఊరంతా దండోరా వేస్తే ఈ కంపెనీ ఉండదు. నలభైమంది ఇళ్ళు. జబ్బు ఉన్నవాళ్ళు ఎలాగూ మళ్ళీ వస్తారు, మళ్ళీ స్కాన్ తీస్తారు. ప్రస్తుతానికి సర్దుకుందాం."

నేను కాదనలేదు. తల ఊపానేమో కూడా.

పిన్నికి రేపు చెప్తాను.

ఫిబ్రవరి 18

పిన్ని ఫోన్. ఎత్తలేదు. మీటింగ్.

ఫిబ్రవరి 19

మళ్ళీ రెండుసార్లు. తలనొప్పిగా ఉండి ఎత్తలేదు. రేపు చెప్తాను.

ఫిబ్రవరి 20

పిన్ని ఆఫీసుకే వచ్చేసింది.

చీర కొంగు సర్దుకుంటూ, చేతిలో సంచితో, తిన్నగా నా టేబుల్ దగ్గరికి నడిచొచ్చింది. సర్దుబాటు అద్దాల గదిలోంచి చూస్తున్నాడు. నేను మంచి వార్త ముందు పెట్టాను.

"బాగు చేశాను పిన్నీ. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు. నీ కళ్ళదీ కాదు, బుర్రదీ కాదు. మొత్తం మాదే. ఆసుపత్రికి కూడా రాసిస్తాను, నువ్వు మళ్ళీ..."

"ఎంతమంది?" అంది.

"ఏంటి?"

"నాది తప్పయితే ఒక్కడే పోయేవాడు. మీది తప్పయితే ఎంతమందే?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ సంతోషిస్తుందని ఎలా అనుకున్నానో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. నేను ఆవిడ నెత్తి మీద నుంచి బరువు దించాననుకున్నాను. నిజానికి ఒకటి దించి వందలు పెట్టాను.

"అసలు బొమ్మ పూర్తిగా రాలేదని తెర మీద తెలియద్దటే? తిరిగే చక్రం ఒకటి ఉండేదిగా మొదట్లో?" అంది.

"ఉండేది. పాజ్‌లో ఉన్నప్పుడు తిరక్కుండా తీసేశాం."

"ఎందుకు తీశారు?"

నేను చెప్పేలోపే ఆవిడకే గుర్తొచ్చింది. నా కళ్ళ ముందే ఆవిడ మొహం పాలిపోయింది. మూడేళ్ళ కిందట ఈ వ్యూయర్‌ని అందరికంటే ముందు వాడి చూసింది ఆవిడే, మా పిన్ని కదా అని నేనే ఇచ్చాను. "నేను ఆగి ఒక చోట చూస్తుంటే మూల అది గిరగిరా తిరుగుతూ కంట్లో నలుసులా ఉందే, తీసెయ్యి" అంది. నేను ఆ సాయంత్రమే తీయించేశాను. ఇంట్లో మనిషి మాట కదా అని ఎవరినీ అడగలేదు. ఆగిపోయినదానికీ పూర్తయినదానికీ తెర మీద తేడా లేకుండా చేసింది మేమిద్దరమే, టీ తాగుతూ.

"నేనేనా?" అంది పిన్ని.

"ఇద్దరం" అన్నాను.

పిన్ని లేచి సంచి భుజాన వేసుకుంది. "అన్నీ తీసివ్వు. నావే కాదు, అందరు డాక్టర్లవీ. నావి నేను మళ్ళీ చదువుతాను. మిగతావాళ్ళు వాళ్ళవి చదువుకుంటారు. మీవాళ్ళు ఒప్పుకోకపోతే నేనే అన్ని ఆసుపత్రులకీ ఫోన్ చేస్తా. వేళ్ళు బాగానే పనిచేస్తున్నాయి నాకు."

సర్దుబాటు గదిలోకి వెళ్ళి, వెనక తలుపు వేశాను. సాయంత్రానికి ఆసుపత్రులన్నిటికీ రాసి పంపాను, నా పేరుతోనే. ఎప్పుడు మొదలైంది, ఏది రాలేదు, ఎవరెవరి స్కాన్లు మళ్ళీ చదవాలి. ఆయన అడ్డు రాలేదు. ఆపలేనని తెలిసిందో, ఆపడం ఇష్టం లేకపోయిందో. "ఇది సర్దుకోవడానికి లేదు" అని మాత్రం అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం చూసి నాకే భయం వేసింది.

ఫిబ్రవరి 27

ఆఫీసుకి రావద్దన్నారు, ఎన్నాళ్ళో చెప్పలేదు. పిన్ని ఇంట్లోనే ఉంటున్నాను. కంప్యూటరు పెట్టె మళ్ళీ విప్పి ఆ గదిలోనే పెట్టాం. ఆవిడ చదువుతుంది. ప్రతి బొమ్మా చివరిదాకా వచ్చిందో లేదో పక్కన కూర్చుని నేను చూస్తాను. వచ్చిందని నేను "ఊఁ" అంటేనే ఆవిడ మొదలుపెడుతుంది. మేమిద్దరం ఈ వారంలో మాట్లాడుకున్నవన్నీ దాదాపు ఆ ఊఁ లే.

ఎక్కువ భాగం ఏమీ లేనివే. ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు అంటూ పోతుంది. నాకు కాస్త ఊపిరాడుతుంది. అంతలో వేలు ఆగుతుంది.

ఇవాళ మూడుసార్లు ఆగింది. మూడోది ఒక బడిపంతులమ్మదట. పిన్ని ఫోన్ చేస్తే అవతల పిల్లల గోల వినపడింది. "క్లాసులో ఉన్నానండి, సాయంత్రం చెయ్యండి" అని పెట్టేసింది. పిన్ని ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. సాయంత్రం దాకా ఆ పంతులమ్మకి తెలీదు. మాకు తెలుసు.

బాబాయి గుమ్మంలోంచి "కాస్త తినండర్రా" అన్నాడు. ఎవరికీ ఆకలి లేదు.

మార్చి 2

పిన్ని బస్సు డ్రైవరు ఇంటికి నన్ను కూడా తీసుకెళ్ళింది. నేను రానన్నాను. "నేను ఒక అబద్ధం చెప్పొచ్చాను ఆయనకి, తెలీకుండా. దాన్ని సరిచెయ్యాలి. ఏం జరిగిందో నువ్వయితే అర్థమయ్యేలా చెప్తావు" అంది. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో రాసుకున్నాను, కొట్టేశాను, రాసుకున్నాను.

రెండు గదుల ఇల్లు. ఆయన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మెడ చుట్టూ చొక్కా వదులుగా ఉంది. ఇంత పొడుగు మనిషని అనుకోలేదు. ఆయన భార్య వంటింటి గుమ్మంలో కూరగాయలు తరుగుతోంది. పిన్నిని చూడగానే ఆయన "రండి డాక్టరమ్మా, మళ్ళీ వచ్చారే" అని లేవబోయాడు. పిన్ని వద్దంది. ఈసారి ఇద్దరికీ కుర్చీలు వేశారు, మేము కూర్చోలేదు.

నేను చెప్పాను. తలుపు చప్పుడు, హాల్లో కూర్చున్నవాళ్ళు, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నాడు, మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు అడిగాడు, మంచి ప్రశ్నలు. బొమ్మ కంప్యూటర్లోకి వచ్చేసింది కానీ తెర మీదికి రాలేదు, అంతేనా అన్నాడు. అంతేనండి అన్నాను.

"అంటే డాక్టరమ్మ తప్పు లేదంటారు."

"లేదండి."

ఆయన పిన్ని వైపు చూశాడు. కోపంగా కాదు. ఏదో పోగొట్టుకున్నట్టు చూశాడు.

"ఆవిణ్ణి క్షమించేశాను కదమ్మా నేను" అన్నాడు నాతో. "మనిషన్నాక చూపు జారుతుంది, నాకూ జారింది చాలాసార్లు, ఎవరికీ దెబ్బ తగల్లేదంతే, అని మనసుకి చెప్పుకుని కుదుటపడ్డాను. ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోవాలి దాన్ని?"

"నా మీద" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. నేను చిన్నపిల్లలా కనపడ్డానేమో, కాస్త దగ్గి, దమ్ము తీసుకుని, మాట మార్చడానికన్నట్టు అడిగాడు.

"ఇప్పుడు బాగు చేశారా?"

"చేశామండి. ఇంకెవరికీ అలా జరగదు."

"చాలా పెద్ద పనై ఉంటుంది. ఇంతమందికి తెలీకుండా ఇన్నాళ్ళున్నదంటే."

అవునండీ అనేస్తే అయిపోయేది. ఆ జవాబే ఆయనకి కావాలి. పిన్ని నా వైపు చూడటం లేదు.

"ప్రోగ్రాంలో ఒక్క లైనండి" అన్నాను. "మళ్ళీ కానివ్వు అన్నప్పుడు, ముందు లోపల ఎవరైనా ఉన్నారేమో ఒకసారి చూడు అని. అంతే."

"ఒక్క లైనా" అన్నాడు ఆయన. నన్ను అడగలేదు, తనకి తనే అనుకున్నాడు.

వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య లేచొచ్చింది. అప్పటిదాకా మా మాటలు వింటున్నట్టే లేదు. చేతిలో కత్తి అలాగే ఉంది, అది గమనించి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. తడి చేతిని చీరకి తుడుచుకుని, నా దగ్గరగా వచ్చి నించుంది.

"ఒక్క లైనే అయితే, అది అప్పుడే రాయచ్చు కదమ్మా?" అంది.

దెప్పిపొడవడానికి అనలేదు. తెలియక అడిగింది. జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ అలాగే నించుంది.